స్పోర్ట్స్ దుస్తుల ఆన్‌లైన్ స్టోర్: అమ్మకం ఎక్కడ ఆగిపోతోంది?

స్పోర్ట్స్ దుస్తులు అమ్మే ఆన్‌లైన్ స్టోర్లో అమ్మకాలు తగ్గగానే మొదట వినిపించే మాట "సైట్ పాతబడింది, కొత్త డిజైన్ చేయిద్దాం" అని. హోమ్‌పేజీ మారుతుంది, రంగులు మారతాయి, పరుగెత్తుతున్న క్రీడాకారుడి వీడియో ఒకటి అన్నిటికన్నా పైన వచ్చి కూర్చుంటుంది. కొన్ని వారాలు గడిచాక లెక్కలు తీస్తే ఆర్డర్లు దాదాపు ఎక్కడివక్కడే ఉంటాయి. ఎందుకంటే చాలా స్టోర్లలో అమ్మకం హోమ్‌పేజీ దగ్గర ఆగడం లేదు. ఒక మనిషి ఏదో షార్ట్స్ పేజీ తెరిచి, నాలుగైదు ఫొటోలు జరిపి, సైజ్ చార్ట్ నొక్కి, మళ్లీ ఫొటోల దగ్గరికి వచ్చి, కాసేపు తటపటాయించి వెళ్లిపోతాడు. అమ్మకం ఆగిపోయింది ఆ తటపటాయింపులో.

మామూలు చొక్కా అద్దం ముందు నిలబడినప్పుడు బాగుంటే చాలు. ఆటలకూ వ్యాయామానికీ వేసుకునే బట్ట మాత్రం ఒళ్లు కదులుతున్నప్పుడు పరీక్షకు వస్తుంది. వంగితే నడుము పట్టీ కిందికి జారుతుందా? స్క్వాట్ చేస్తే బట్ట సాగి లోపలిది కనిపిస్తుందా? చెమట పట్టాక వీపు మీద మచ్చలు తేలతాయా? గంటసేపు పరుగెత్తితే తొడల మధ్య కుట్టు ఒరుసుకుంటుందా? జేబులో పెట్టిన ఫోను అడుగడుగునా ఊగుతుందా? దుకాణంలో అయితే చేత్తో లాగి చూసి, ట్రయల్ రూమ్‌లో రెండు గుంజీళ్లు తీసి ఈ సంగతులన్నీ తేల్చుకోవచ్చు. ఫోన్ తెర మీద ఆ వీలు లేదు కాబట్టి జవాబులు పేజీలోనే ఉండాలి. అవి లేని చోట కొందరు కొనడం మానేస్తారు, కొందరు కొని వెనక్కి పంపిస్తారు. స్టోర్‌కి ఎక్కువ నష్టం తెచ్చేది ఈ రెండో రకం.

ఆర్డర్ పడితే అమ్మినట్టేనా?

ఆన్‌లైన్ వ్యాపారంలో అందరి కళ్లూ ఉండేది కన్వర్షన్ రేటు మీద. అంటే స్టోర్‌కి వచ్చిన వందమందిలో ఎంతమంది కొన్నారన్న లెక్క. ఫోన్ చార్జర్లు అమ్మేవాళ్లకు ఇది చాలావరకు సరిపోతుంది. దుస్తుల వ్యాపారంలో దీన్ని ఒక్కదాన్నే పట్టుకుంటే దారి తప్పిస్తుంది.

ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. ఒక లెగ్గింగ్స్ పేజీకి వెయ్యిమంది వచ్చారు, 30 ఆర్డర్లు పడ్డాయి, అందులో 10 తిరిగి వచ్చాయి. మిగిలినవి 20. అదే పేజీలో "ఇవి బాగా బిగుతుగా ఉంటాయి, రెండు సైజుల మధ్య ఉన్నవాళ్లు పెద్దది తీసుకోండి" అన్న ఒక్క వాక్యం చేర్చారు. అది చదివి ముగ్గురు వెనక్కి తగ్గారు, ఆర్డర్లు 27 అయ్యాయి. తిరిగి వచ్చినవి మాత్రం 4. మిగిలినవి 23. వ్యాపారం మెరుగైంది, కానీ డ్యాష్‌బోర్డు కన్వర్షన్ పడిపోయిందని ఎర్ర బాణం చూపిస్తుంది. ఆ బాణాన్ని నమ్మి వాక్యం తీసేసే మేనేజర్లు ఉంటారు. తప్పు వాళ్లది కూడా కాదు, వాళ్లకు ఇచ్చిన కొలమానానిది.

వెనక్కి వచ్చిన ప్రతి ప్యాకెట్‌కూ రెండువైపుల రవాణా ఖర్చు పడుతుంది. విప్పి పరిశీలించాలి, మడతపెట్టి మళ్లీ ప్యాక్ చేయాలి, స్టాక్‌లో ఎక్కించాలి. ఈలోపు సీజన్ దాటితే అది తగ్గింపు ధరకే పోతుంది. ఒకసారి వేసుకుని వ్యాయామం చేసిన బట్టయితే మళ్లీ అమ్మకానికే పనికిరాదు. దీనికి తోడు ఒకే బట్టను రెండు సైజుల్లో తెప్పించుకుని, సరిపోయినది ఉంచుకుని రెండోది తిప్పి పంపే అలవాటు చాలామందికి ఉంది. దీన్ని కస్టమర్ల దురలవాటుగా చూసే స్టోర్లు కొన్ని రిటర్న్ నిబంధనలు బిగిస్తాయి. అది రోగం వదిలేసి రోగిని దండించడం. ఏ సైజు సరిపోతుందో స్టోర్ నమ్మకంగా చెప్పలేకపోయింది కాబట్టే ఆ మనిషి రెండు తెప్పించుకున్నాడు.

అందుకని చూడాల్సిన లెక్క ఇది: వచ్చినవాళ్లలో ఎంతమంది కొని, ఉంచుకున్నారు? దీన్ని మొత్తం స్టోర్‌కి ఒకే అంకెగా కాకుండా ఒక్కో ప్రోడక్ట్‌కీ, అందులో ఒక్కో సైజుకీ విడదీసి చూడాలి. ఒక ట్రాక్ ప్యాంట్ మొత్తం మీద బాగానే అమ్ముడవుతూ, ఎక్స్ఎల్ సైజు ఒక్కటే సగానికి సగం వెనక్కి వస్తూ ఉండవచ్చు. సగటులో ఆ సంగతి కలిసిపోయి కనిపించదు.

సైజు దగ్గర జరిగేది

ఎస్, ఎమ్, ఎల్ అనే అక్షరాలకు ప్రపంచమంతా ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. దుస్తుల సైజుల కోసం ఒంటిని ఎక్కడెక్కడ, ఎలా కొలవాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8559 ఉంది. అయితే ఏ బ్రాండ్ ఏ కొలతకు ఎమ్ అని పేరు పెట్టాలో నిర్ణయించేది ఆ బ్రాండే. ఒక కంపెనీ ఎమ్ వేసుకునే మనిషికి ఇంకో కంపెనీ ఎల్ పట్టడం అందుకే. పలు బ్రాండ్లను అమ్ముతూ అన్నిటికీ కలిపి ఒకే సైజ్ చార్ట్ పెట్టిన స్టోర్, తెలిసి తెలిసి కస్టమర్‌ను తప్పుదారి పట్టిస్తున్నట్టే.

చార్ట్ ఉన్నచోట కూడా ఒక ముఖ్యమైన మాట తరచూ లోపిస్తుంది. అందులో రాసినవి ఒంటి కొలతలా, బట్ట కొలతలా? ఛాతీ 96 సెంటీమీటర్లు అని ఉంటే, 96 ఉన్న మనిషి కొనాలని అర్థమా, బట్టను పరిచి కొలిస్తే చుట్టుకొలత 96 వస్తుందని అర్థమా? మామూలు పరుగు టీషర్ట్ ఒంటికన్నా కొన్ని సెంటీమీటర్లు వదులుగా కుట్టి ఉంటుంది. కంప్రెషన్ టీషర్ట్ ఒంటికన్నా చిన్నగా కుట్టి, సాగి ఒంటిని పట్టుకుంటుంది. రెండింటి పక్కనా ఒకే తీరున అంకె వేసి ఊరుకుంటే చదివేవాడు ఊహించుకోవాల్సిందే. ఒంటి కొలత, బట్ట కొలత రెండూ ఇచ్చి, ఏది ఏదో పైన రాస్తే సగం అనుమానాలు తీరిపోతాయి.

చార్ట్‌ను ఫొటోగా పెట్టడం ఇంకో పాత జాడ్యం. ఫోన్‌లో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి, రెండు వేళ్లతో పెద్దది చేస్తే పక్క వరుస తెర దాటిపోతుంది, కళ్లు కనిపించనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కి అందులో ఒక్క ముక్క కూడా అందదు. పట్టికను మామూలు అక్షరాలతోనే ఇవ్వాలి. సెంటీమీటర్లూ అంగుళాలూ మార్చుకునే వీలుండాలి. టేపు ఎక్కడ పెట్టాలో చిన్న బొమ్మ ఉండాలి, ఎందుకంటే నడుము అంటే బొడ్డు దగ్గరా, ప్యాంటు నిలిచే చోటా అన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమవుతుంది.

పరుగు షార్ట్స్‌ను దగ్గరగా చూస్తే ఈ సమస్య లోతు తెలుస్తుంది. వీటిలో నడుము కన్నా కొనేవాళ్లను ఎక్కువ ఆలోచింపజేసేది ఇన్‌సీమ్, అంటే కాళ్ల మధ్య కుట్టు నుంచి కింది అంచు వరకు ఉన్న పొడవు. మూడు, అయిదు, ఏడు అంగుళాల రకాలు మామూలుగా దొరుకుతాయి. ఏడు అంగుళాల షార్ట్స్‌ను 188 సెంటీమీటర్ల మోడల్‌కి వేసి ఫొటో తీస్తే మోకాలికి బాగా పైన, తొడ మధ్యలో ఆగినట్టు కనిపిస్తుంది. 165 సెంటీమీటర్ల మనిషి అదే కొనుక్కుంటే అంచు మోకాలికి మరింత దగ్గరగా వస్తుంది. ఫొటో అబద్ధం చెప్పలేదు, కానీ నిజం మొత్తం చెప్పలేదు. ఫొటో కిందే "మోడల్ ఎత్తు 188 సెంటీమీటర్లు, నడుము 81, వేసుకున్నది ఎమ్, ఇన్‌సీమ్ 7 అంగుళాలు" అని రాయడానికి ఖర్చేమీ లేదు. అదే షార్ట్స్‌ను పొట్టి మనిషికీ బొద్దు మనిషికీ వేసి ఇంకో రెండు ఫొటోలు తీయడానికి కొంత ఖర్చవుతుంది, అయినా తప్పక పెట్టాల్సిన ఖర్చు అది. తనలాంటి ఒళ్లు ఒక్కటీ కనిపించని స్టోర్లో కొనడానికి ఎవరికైనా చెయ్యి రాదు.

స్పోర్ట్స్ బ్రా సంగతి మరీ సున్నితం. 1977లో అమెరికాలో లీసా లిండాల్, పాలీ స్మిత్, హిండా మిల్లర్ పురుషులు ఆటల్లో వాడే రెండు జాక్‌స్ట్రాప్‌లను కలిపి కుట్టి మొదటి నమూనా చేశారు. పరుగెత్తేటప్పుడు కలిగే ఇబ్బంది తీర్చడమే వాళ్ల ఉద్దేశం. ఇన్నేళ్లయినా దాన్ని అమ్మే పేజీల్లో రంగు గురించి, పట్టీల అందం గురించి ఉన్నంత సమాచారం పట్టు గురించి ఉండదు. ఛాతీ కింద కొలత, ఛాతీ మీద కొలత రెండూ లేకుండా ఎస్, ఎమ్, ఎల్ అని మాత్రమే ఇస్తే ఒకే ఎమ్‌లో చాలా తేడా ఉన్న ఒళ్లు కలిసిపోతాయి. "మీడియం సపోర్ట్" అన్న ముద్ర కూడా ఊరికే వేలాడకూడదు. యోగాకూ నడకకూ సరిపోతుంది, దూకుళ్లున్న ఆటకు చాలదు అని విడమరచి చెప్పాలి. అమ్మే వస్తువు దేనికి పనికిరాదో చెప్పడానికి స్టోర్లు జంకుతాయి. కానీ కస్టమర్‌కి నమ్మకం కుదిరేది ఆ మాట దగ్గరే.

రివ్యూల్లో అయిదు నక్షత్రాల కన్నా పనికొచ్చే చిన్న ప్రశ్న ఒకటుంది: "సైజు చిన్నగా వచ్చిందా, సరిగ్గా ఉందా, పెద్దగా వచ్చిందా?" ఈ జవాబులు కలిపి ఒక గీత మీద చూపిస్తే, కొత్తగా వచ్చినవాళ్లు ఒక్క చూపులో నిర్ణయానికి వస్తారు. రాసినవాళ్లు ఇష్టపడితే ఎత్తు, సైజు కూడా చేర్చే వీలు ఇవ్వవచ్చు. రిటర్న్ ఫారంలో "నచ్చలేదు" అన్న ఒక్క కారణంతో సరిపెట్టకుండా నడుము దగ్గర బిగుతు, పొడవు ఎక్కువ, బట్ట పల్చన అని విడివిడిగా అడిగితే, ఆ జవాబులు నేరుగా ప్రోడక్ట్ పేజీ రాసేవాళ్ల చేతికి వెళ్లాలి. చాలా సంస్థల్లో అవి గోడౌన్ విభాగం దగ్గరే ఆగిపోతాయి. అదే ఫిర్యాదు వరుసగా వస్తున్నా పేజీలో ఒక్క అక్షరం మారదు.

బట్ట గురించి చెప్పే తీరు

"88 శాతం పాలిస్టర్, 12 శాతం ఎలాస్టేన్" అని రాసి వదిలేస్తే చదివేవాళ్లలో చాలామందికి ఏమీ తెలియదు. ఆ అంకెలను ఒంటి భాషలోకి మార్చడం స్టోర్ పని. నూలు తన చుట్టూ ఉన్న గాలి నుంచి బరువులో దాదాపు 7, 8 శాతం తేమ పీల్చుకుంటుంది. పాలిస్టర్ పీల్చేది దాదాపు 0.4 శాతమే. అందుకే నూలు టీషర్ట్ చెమటతో బరువెక్కి ఒంటికి అతుక్కుపోతే, పాలిస్టర్ టీషర్ట్ చెమటను పోగుల మీదుగా బయటికి పాకించి త్వరగా ఆరిపోతుంది. మరోవైపు పాలిస్టర్ చెమట వాసనను నూలు కన్నా గట్టిగా పట్టుకుంటుంది. ఈ రెండో సంగతి కూడా చెప్పాలి, ఉతికే పద్ధతితో కలిపి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడితే పోగుల మీద పూతలా పేరుకుని చెమటను లాగే గుణం తగ్గిపోతుందని రాయడం కస్టమర్‌కి మేలు, "రెండు నెలలకే పాడైంది" అన్న రివ్యూల నుంచి స్టోర్‌కి రక్షణ.

బాగా సాగే పోగు అయిన ఎలాస్టేన్‌ను 1958లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ కనిపెట్టాడు. జనానికి అది ఎక్కువగా పరిచయమైంది లైక్రా అనే బ్రాండ్ పేరుతో. అది ఎంత శాతం ఉందన్నదాని కన్నా, బట్ట ఎటువైపు సాగుతుంది, సాగి మళ్లీ యథాస్థితికి వస్తుందా అన్నది ముఖ్యం. నిలువుగా, అడ్డంగా రెండువైపులా సాగే బట్టయితే ఆ మాట రాయాలి. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న బరువు ఇస్తే బట్ట మందం తెలుస్తుంది, కానీ ఆ అంకె పక్కన "తేలికైనది, ఎండలో పరుగుకు", "మందమైనది, వంగినా లోపలిది కనిపించదు" అన్న మాట ఉంటేనే అది పనిచేస్తుంది. యూపీఎఫ్ 50 అన్న గుర్తు కూడా అంతే. సూర్యుడి అతినీలలోహిత కిరణాల్లో యాభయ్యో వంతు, అంటే 2 శాతం మాత్రమే బట్ట దాటి చర్మాన్ని చేరుతుందని ఒక్క వాక్యంలో చెప్పేయవచ్చు.

ఫొటోల విషయంలో ఎక్కువ స్టోర్లు మోడల్ ముఖం మీద పెట్టిన శ్రద్ధ బట్ట మీద పెట్టవు. కావలసిన ఫొటోలు వేరే. వెనకవైపు. నడుము పట్టీ లోపలి అంచు. కుట్టు ఎంత చదునుగా ఉందో తెలిసేంత దగ్గరి చిత్రం. జేబులో మామూలు సైజు ఫోను పెట్టి తీసినది. బట్టను రెండు చేతులతో సాగదీసి వెలుగుకు ఎదురుగా పట్టుకున్నది. వీటికి తోడు శబ్దం లేని, పది సెకన్ల చిన్న వీడియోలో మోడల్ ఒక స్క్వాట్ చేసి, చేతులు పైకెత్తి, నాలుగడుగులు పరుగెత్తితే చాలు, పేరాల కొద్దీ వర్ణన అక్కర్లేదు. బూడిద రంగు టీషర్ట్‌లో చెమట మచ్చలు ఎక్కువగా తెలుస్తాయని అందరికీ తెలుసు. చెమట పట్టిన ఫొటో కూడా ఒకటి పెట్టగలిగిన స్టోర్‌కి అంతకు మించిన ప్రకటన అవసరం లేదు.

వెతికితే దొరకాలి

కొందరు ఆట పేరుతో వెతుకుతారు, కొందరు బట్ట పేరుతో. పరుగు, జిమ్, యోగా, ఫుట్‌బాల్ అనే దారి ఒకటి, టీషర్ట్, షార్ట్స్, జాకెట్ అనే దారి ఒకటి, రెండూ ఉండాలి. సెర్చ్‌లో జాగర్స్ అని కొట్టినా ట్రాక్ ప్యాంట్ అని కొట్టినా ఒకే వస్తువులు రావాలి. జనం ఏ పదాలు కొడితే "ఫలితాలు లేవు" అని వస్తోందో వారానికోసారి ఆ జాబితా చూస్తే, స్టాక్‌లో ఉండి కూడా అమ్ముడుపోని సరుకు చాలావరకు అక్కడే బయటపడుతుంది.

సైజు ఫిల్టర్ గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. డబుల్ ఎక్స్ఎల్ కావాల్సిన మనిషి నచ్చిన జాకెట్ వెతికి, తెరిచి, రంగు ఎంచుకుని, చివర్లో సైజు నొక్కితే "స్టాక్ లేదు" అని వస్తుంది. ఇంకోటి తెరిస్తే అదే. మూడోసారి అతను వెళ్లిపోతాడు, ఇది తనకోసం పెట్టిన స్టోర్ కాదన్న భావంతో వెళ్లిపోతాడు. ఫిల్టర్లలో సైజు మొదట రావాలి. ఎంచుకున్నాక, నిజంగా ఆ సైజులో ఉన్న వస్తువులు, ఉన్న రంగులు మాత్రమే కనిపించాలి. ఒకసారి కొన్న మనిషి మళ్లీ వస్తే అతని సైజు గుర్తుండాలి. లేని సైజు దగ్గర "వచ్చాక తెలియజేయండి" అన్న బటన్ పెడితే, తర్వాత ఏ సైజులు ఎన్ని తెప్పించాలో కూడా ఆ అభ్యర్థనలే చెబుతాయి.

హోమ్‌పేజీలో తిరిగే బ్యానర్ల గురించి ఒక్క మాట. 2013లో అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయం సైట్‌లో లెక్క తీస్తే, వచ్చినవాళ్లలో దాదాపు 1 శాతం మాత్రమే అలాంటి బ్యానర్ నొక్కారు, ఆ నొక్కుళ్లలోనూ అత్యధికం మొదటి బొమ్మ మీదే. అది దుస్తుల స్టోర్ కాదు నిజమే, అయినా తర్వాతి నాలుగు బ్యానర్ల కోసం జరిగే వాదోపవాదాలకు అంత సమయం ఇవ్వనక్కర్లేదని చెప్పడానికి చాలు.

ఎదురుచూపు, అక్షరం, వేలు

స్పోర్ట్స్ స్టోర్లు బరువుగా ఉండటానికి కారణం పెద్ద ఫొటోలు, పైన తనంతట తానే ఆడే వీడియో, పక్కన చాట్ డబ్బా, కూపన్ పాపప్, వచ్చినవాళ్లు ఏం చేస్తున్నారో నమోదు చేసే రకరకాల ట్రాకింగ్ స్క్రిప్టులు. గూగుల్ మంచి పేజీకి పెట్టిన హద్దులు స్పష్టంగా ఉన్నాయి. తెర మీది ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కినదానికి స్పందన 200 మిల్లీసెకన్లలోపు రావాలి, లోడవుతూ ఉండగా పేజీ అటూ ఇటూ గెంతకూడదు. వచ్చినవాళ్లలో కనీసం 75 శాతం మందికి ఈ అనుభవం అందాలి. ఆఫీసులో మంచి వైఫై మీద, కొత్త ఫోన్‌లో చూసి బాగుందనుకుంటే సరిపోదన్నమాట. గూగుల్ కోసం డెలాయిట్ అనే కన్సల్టింగ్ సంస్థ 2020లో వెలువరించిన నివేదికలో, మొబైల్ సైట్ వేగం 0.1 సెకను మెరుగైన చోట రిటైల్ కన్వర్షన్ 8.4 శాతం పెరిగినట్టు తేలింది. ప్రతి స్టోర్‌కీ అంతే వస్తుందని కాదు గానీ, ఫొటోలను వెబ్‌పీ, ఏవీఐఎఫ్ లాంటి తేలికైన ఫార్మాట్లలోకి మార్చడం, వాడని స్క్రిప్టులు పీకేయడం లాంటి పనులకు కొత్త డిజైన్ ఖర్చులో చిన్న వంతు కూడా కాదు.

క్రీడా బ్రాండ్ల డిజైన్‌లో ఇంకో మోజు ఉంది. నల్లటి నేపథ్యం మీద లేత బూడిద అక్షరాలు, తెల్లటి నేపథ్యం మీద నియాన్ పసుపు ధర. డిజైనర్ పెద్ద మానిటర్ మీద అది ఠీవిగా ఉంటుంది. ఎండలో, పార్కు బెంచీ మీద ఫోన్ చూసేవాడికి ఏమీ కనిపించదు. వెబ్ సౌలభ్య ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కి 1 నిష్పత్తిలో ఉండాలి. సైజు బటన్లు కూడా వేలికి అందేంత ఉండాలి. ఎత్తూ వెడల్పూ కనీసం ఇంత ఉండాలని ఆపిల్ 44 పాయింట్లు, గూగుల్ 48 యూనిట్లు సూచిస్తాయి, రెండూ తెర మీద వాడే కొలతలే. ఎమ్ నొక్కబోతే ఎల్ పడిందంటే, అది ఖాయంగా తిరిగి వచ్చే ప్యాకెట్.

కార్ట్ నుంచి చెల్లింపు దాకా

ఆన్‌లైన్ స్టోర్ల వాడుక మీద పరిశోధన చేసే బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి చెప్పే సగటు ప్రకారం, కార్ట్‌లో వేసిన వాటిలో దాదాపు 70 శాతం కొనుగోలు దాకా వెళ్లవు. ఇందులో ఊరికే చూస్తూ వేసుకున్నవి చాలా ఉంటాయి, వాటికి చేయగలిగింది తక్కువ. నిజంగా కొందామనుకుని ఆగిపోయినవాళ్లు చెప్పే కారణాల్లో మొదటిది చివర్లో బయటపడే అదనపు ఖర్చులు. దీనికి విరుగుడు సులువు: డెలివరీ ఖర్చు, ఏ తేదీకి చేరుతుంది, రిటర్న్ షరతులేమిటి అన్నవి ప్రోడక్ట్ పేజీలోనే, కొనే బటన్ పక్కనే ఉంచడం. ఆదివారం మారథాన్ ఉన్న మనిషికి "3 నుంచి 7 పని దినాలు" అన్న మాట ఎందుకూ కొరగాదు, తేదీ కావాలి. ఖాతా తెరిచితేనే అమ్ముతామనడం మానుకోవాలి. చెల్లింపు అయ్యాక పాస్‌వర్డ్ పెట్టుకోమని అడిగితే చాలామంది సంతోషంగా పెట్టుకుంటారు.

టాప్, లెగ్గింగ్స్ కలిపి సెట్టుగా అమ్మితే ఒక్కో ఆర్డర్ విలువ పెరుగుతుంది. అయితే పైన ఎస్, కింద ఎమ్ పట్టే ఒళ్లు చాలా సాధారణం. సెట్టంతా ఒకే సైజులో తీసుకోవాలంటే అమ్మకం అక్కడే పోతుంది. జట్టు జెర్సీల మీద పేరు, నంబరు వేసి ఇచ్చే స్టోర్లలో జాగ్రత్త ఇంకోలా ఉండాలి. అవి వెనక్కి తీసుకోలేనివి కాబట్టి, వీపు మీద పేరు ఎలా పడుతుందో అసలు అక్షరాలతో చూపించి, ఒక్కో ఆటగాడి పేరు, నంబరు, సైజు ఒకే పట్టికలో సరిచూసుకున్నాకే చెల్లింపుకు పంపాలి. పదిహేను మంది వివరాలు ఒక్కొక్కటిగా కార్ట్‌లో వేయమంటే ఏ జట్టు నిర్వాహకుడికైనా ఓపిక చాలదు.

తొందరపెట్టే ఎత్తుగడలు

"ఇంకా రెండే ఉన్నాయి", "ఇప్పుడు 14 మంది చూస్తున్నారు", పేజీ మళ్లీ తెరిస్తే మొదటి నుంచి మొదలయ్యే గడియారం. ఇవన్నీ నిజమైతే సమాచారం, కల్పితమైతే మోసం. మధ్యేమార్గం లేదు. ఇలాంటి మోసపు డిజైన్లకు 2010లో హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్ డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత ప్రభుత్వాలు కూడా మేల్కొన్నాయి. నకిలీ రివ్యూల కొనుగోలు, అమ్మకాలను నిషేధిస్తూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో నియమం తెచ్చింది. యూరోపియన్ యూనియన్‌లో తగ్గింపు ప్రకటించాలంటే అంతకు ముందు కనీసం 30 రోజుల్లో ఉన్న అతి తక్కువ ధరను పాత ధరగా చూపించాలి.

చట్టం సంగతి పక్కన పెట్టినా, ఏడాది పొడవునా డిస్కౌంట్ నడిపే స్టోర్ తన కస్టమర్లకు పూర్తి ధరకు కొనొద్దని తానే నేర్పుతోంది. స్పోర్ట్స్ దుస్తుల్లో ఇది మరీ చేటు, ఎందుకంటే పరుగెత్తేవాడికి నచ్చిన షార్ట్స్ అరిగాక మళ్లీ అవే కావాలి. అలా తిరిగి వచ్చే మనిషిని ఆకట్టుకోవడానికి తగ్గింపు అవసరమే లేదు. ఆ మోడల్ ఇంకా ఉందా, కొలత మారలేదు కదా అన్నవి తెలిస్తే చాలు. మారితే ఎక్కడ మారిందో చెబితే చాలు.

చెడ్డ రివ్యూలను దాచడం కూడా అమ్మకానికి మేలు చేయదు. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన స్పీగెల్ పరిశోధన కేంద్రం 2017లో వెల్లడించిన విశ్లేషణలో, సగటు రేటింగ్ 4.0 నుంచి 4.7 మధ్య ఉన్నప్పుడు కొనే అవకాశం గరిష్ఠంగా ఉండి, 5కి దగ్గరయ్యే కొద్దీ తగ్గింది. అన్నీ పొగడ్తలే ఉన్న చోట జనానికి అనుమానం వస్తుంది. "పొడవాటి వాళ్లకు పొట్టి అవుతుంది" అన్న మూడు నక్షత్రాల రివ్యూ పొట్టివాళ్లకు ఆ వస్తువును అమ్మిపెడుతుంది.

పరీక్షించడం ఎలా?

ఏ మార్పు చేసినా ఏ/బీ టెస్ట్ చేసి చూడమని అందరూ చెబుతారు. వచ్చిన జనాన్ని రెండుగా విడదీసి సగానికి పాత పేజీ, సగానికి కొత్త పేజీ చూపించి పోల్చడం మంచి పద్ధతే, చాలినంత జనం ఉన్నప్పుడు. కన్వర్షన్ 2 శాతం ఉన్న స్టోర్లో అది 2.2కి పెరిగిందని మామూలు గణాంక ప్రమాణాలతో, అంటే 95 శాతం విశ్వాస స్థాయితో, నిజంగా తేడా ఉంటే అది పట్టుబడే అవకాశం 80 శాతం ఉండేలా తేల్చాలంటే ఒక్కో పేజీకి దాదాపు 80,000 మంది రావాలి. రెండింటికీ కలిపి లక్షా అరవై వేలు. నెలకు అయిదారు వేలమంది వచ్చే స్టోర్ రెండు వారాల టెస్ట్ నడిపి "కొత్త బటన్ గెలిచింది" అని ప్రకటిస్తే, అది బొమ్మా బొరుసూ వేసి తేల్చినదానికి పెద్దగా తేడా ఉండదు.

చిన్న స్టోర్లకు ఇంతకన్నా పనికొచ్చే దారులున్నాయి. తమ సరుకు ఎప్పుడూ చూడని అయిదుగురిని కూర్చోబెట్టి, వాళ్ల ఫోన్లోనే "మీకు సరిపోయే పరుగు షార్ట్స్ ఒకటి కొనండి" అని చెప్పి, నోరు మెదపకుండా గమనించాలి. ఎక్కడ వేలు ఆగింది, ఏ ఫొటో మీదికి రెండోసారి వెళ్లారు, సైజు దగ్గర ఏమని గొణుక్కున్నారు అన్నవి రాసుకుంటే ఒక్క మధ్యాహ్నంలో నెలరోజుల పని బయటపడుతుంది. కస్టమర్ కేర్‌కి వచ్చే ప్రశ్నలను ప్రోడక్ట్ వారీగా పోగు చేయాలి. ఒక ప్రశ్న మూడుసార్లు వచ్చిందంటే దాని జవాబు పేజీలో లేదని అర్థం, ఉన్నా కనిపించడం లేదని అర్థం.

పనుల వరుస కూడా దీన్నిబట్టే తేలుతుంది. ముందుగా ఎక్కువగా అమ్ముడవుతూ ఎక్కువగా వెనక్కి వస్తున్న పది వస్తువులు తీసుకోవాలి. వాటికి బట్ట కొలతలు టేపు పెట్టి మళ్లీ తీయాలి, ఎందుకంటే ఫ్యాక్టరీ పంపిన కాగితానికీ వచ్చిన సరుకుకూ తేడా ఉండటం అరుదేమీ కాదు. చార్ట్ సరిదిద్ది, వెనకవైపు ఫొటో, సాగదీసిన ఫొటో, చిన్న వీడియో చేర్చి, వర్ణనను మళ్లీ రాయాలి. రిటర్న్ గడువు ఎన్ని రోజులుంటే అన్ని రోజులు ఆగి, ఆ తర్వాతే కొని ఉంచుకున్నవాళ్ల లెక్క తీయాలి. ముందే చూస్తే అంకె బాగున్నట్టు కనిపించి మోసం చేస్తుంది. ఈ పది వస్తువుల మీద ఏది పనిచేసిందో తెలిశాక తర్వాతి యాభైకి వెళ్లవచ్చు. హోమ్‌పేజీ వీడియో అప్పటిదాకా ఆగినా వ్యాపారానికి వచ్చే నష్టం లేదు.